జమ్మి చెట్టు మీది విల్లు, షెడ్డులోని డీజిల్ బండి



ఈ దేశంలో మనం పండుగలు చేసుకునే తీరు ఏటేటా కొంచెం మారుతూనే ఉంది. 2022 అక్టోబరులో జెబెల్ అలీలో కొత్త దేవాలయం తలుపులు తెరిచింది కూడా సరిగ్గా దసరా రోజుల్లోనే. బర్ దుబాయ్ సందుల్లో వరసలో నిలబడి దర్శనం చేసుకున్న పాతవాళ్ళకు అదొక సంబరం. ఆయుధ పూజ విషయంలో మాత్రం మనం పెద్దగా మారలేదు. బండి తాళాలు దేవుడి పటం ముందు పెడతాం. బానెట్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. బేస్‌మెంట్ పార్కింగులో కొబ్బరికాయ కొడితే వాచ్‌మన్ ఏమంటాడోనని, కాయను ప్లాస్టిక్ సంచిలో పెట్టి కొట్టేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. అంతా అయ్యాక పిల్లల్ని ఎక్కించుకుని ఒక రౌండు వేసి వస్తాం. అయితే ఆ బొట్టు పెట్టిన బానెట్‌ను ఆ రోజైనా ఎత్తి లోపల చూసేవాళ్ళు ఎంతమంది?

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందంటే, దసరాకు మూలమని చెప్పుకునే కథల్లో ఒకటైన జమ్మి చెట్టు కథలో, మనం గబగబా దాటేసే చిన్న వివరం ఒకటి ఉంది. భారతాన్ని తెలుగు చేసిన తిక్కనగారు మొదలుపెట్టింది ఈ విరాటపర్వంతోనే. అజ్ఞాతవాసానికి ఊళ్ళోకి వెళ్ళబోతూ పాండవులు ఆయుధాలన్నీ మూటకట్టి శ్మశానం పక్కనున్న జమ్మి చెట్టు మీద దాచారని అందరికీ తెలుసు. దాచేముందు ఒక్కొక్కరూ తమ తమ విళ్ళకు అల్లెతాళ్ళు విప్పారు. నకులుడు చెట్టెక్కి, వాన తగలని చోటు చూసి మరీ కట్టాడు. ఎక్కుపెట్టిన విల్లును నెలల తరబడి అలాగే వదిలేస్తే కర్రలో బిగువు చచ్చిపోతుంది. తాడు విప్పడం అంటే ఆ కర్రకు విశ్రాంతి ఇవ్వడం. ఏడాది తరువాత ఉత్తరుడి చేత దింపించి అర్జునుడు మళ్ళీ నారి బిగిస్తే గాండీవం మోగింది. ఆ మోతకు దైవబలం ఎంత కారణమో, తాడు విప్పి దాచిన బుద్ధి కూడా అంతే కారణమని మాకు అనిపిస్తుంది. చెట్టుకు మొక్కడం, వాన తగలకుండా కట్టడం అనేవి రెండు వేరు వేరు పనులని ఆ అన్నదమ్ములు అనుకున్నట్టు లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మనలో చాలామంది ఇళ్ళల్లో, అంటే స్వదేశంలో ఉన్న ఇళ్ళల్లో, ఒక పాత డీజిల్ బండి ఉంటుంది. కొందరికి ప్యుజో ఇంజను ఉన్న మహీంద్రా జీపు. కొందరికి డీజిల్ అంబాసిడర్. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇంకా తక్కువ ఇళ్ళల్లో ఎన్‌ఫీల్డ్ వారి టారస్ ఉంటుంది. కుర్రవాళ్ళకు తెలియకపోవచ్చు గాని, డీజిల్‌తో నడిచే మోటార్ సైకిల్ కూడా ఒకటుండేది, ఫ్యాక్టరీలో తయారై షోరూముల్లో అమ్ముడుపోయింది. 325 సీసీ ఇంజను, ఆరున్నర హార్స్ పవర్. ఎత్తు వస్తే వెనకాల కూర్చున్నవాళ్ళు దిగి నడవాలని వేళాకోళం చేసేవాళ్ళు. కానీ లీటరుకు 60, 70 కిలోమీటర్లు ఇస్తుందని రైతుల్లో, పాలవాళ్ళలో దానికి మంచి పేరు. జనం దాన్ని డీజిల్ బుల్లెట్ అన్నారు. దాని ‘డుబ్ డుబ్’ అనే చప్పుడు వినపడితే వీధి చివర ఎవరు వస్తున్నారో ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయేది.

ఇలాంటి బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ, సెలవులకు మనం వెళ్ళినప్పుడల్లా ఒకటే సంభాషణ జరుగుతుంది.

“ఎందుకు నాన్నగారూ ఈ పాత డబ్బా? ఇచ్చేసి కొత్తది తీసుకోండి, డబ్బు మేము పంపుతాం.”

“పంపరా. డీజిల్ కొట్టిస్తాను.”

ఆయన మాట దాటేస్తారు. మనం నవ్వేసి ఊరుకుంటాం. కానీ ఆ రెండు మాటల మధ్య నిజంగా ఒక ధర్మసందేహం ఉంది. పాత బండిని ఇంటి దగ్గరే బాగు చేసుకుంటూ ఏళ్ళ తరబడి నడపడం పొదుపా, లోభమా? వస్తువు పట్ల కృతజ్ఞతా, లేక వదల్లేని మోహమా? మనం పంపుతామన్న డబ్బు ప్రేమా, లేక ఆయన చేతిలోంచి పానా లాక్కోవడమా?

దీనికి జవాబు చెప్పాలంటే ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. పెట్రోలు ఇంజనుకు నిప్పు బయటినుంచి ఇవ్వాలి, దానికే స్పార్క్ ప్లగ్గు. డీజిల్ ఇంజనుకు ఆ ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వచ్చి లోపలి గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. అలా నొక్కినప్పుడు గాలి ఐదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ లోంచి డీజిల్‌ను మంచులా చిమ్మితే అదే అంటుకుంటుంది. ఈ పద్ధతిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో మొదటి జయప్రదమైన ఇంజనును నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. మన రాయలసీమవాళ్ళు గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఇది.

పాత డీజిల్ బండికి ఉన్న గొప్పతనమంతా ఇక్కడే ఉంది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. ఒక్కసారి స్టార్ట్ అయితే కరెంటు కూడా పెద్దగా అక్కర్లేదు. గాలి, డీజిల్, నొక్కుడు, ఈ మూడు సరిగ్గా ఉంటే నడుస్తుంది. నడవకపోతే ఆ మూడింట్లో ఏదో ఒకటి లేదని అర్థం. ట్యాంకు ఖాళీ అయి లైనులోకి గాలి పడితే ఎంత సెల్ఫ్ కొట్టినా లాభం లేదు. ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి, చేతిపంపును బొటనవేలితో నొక్కుతూ, నురగ పోయి నిఖార్సైన డీజిల్ కారేదాకా ఆగి, మళ్ళీ బిగించాలి. ఈ పని మన నాన్నలకు వచ్చు. పెద్ద చదువులు చదివిన మనకు రాదు.

పొగ చూసి జబ్బు చెప్పడం కూడా అంతే. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టరు దులిపి చూడాలి, తరువాత నాజిళ్ళ సంగతి. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది, రింగులో బోరో అరిగింది. తెల్లపొగ ఇంజను వేడెక్కినా తగ్గకపోతే హెడ్ గ్యాస్‌కెట్ దగ్గర నీళ్ళు లోపలికి పోతున్నాయేమో అనుమానించాలి. వైద్యుడు నాడి పట్టుకున్నట్టే. ఇక్కడ ఒక కంపెనీలో బస్సు డ్రైవరుగా పనిచేసే జగిత్యాల తమ్ముడొకడు మాతో అన్నమాట: “ఇంజన్ దినాం మాట్లాడతనే ఉంటదన్నా. మనమే ఏసీ ఏసుకొని పాటలు పెట్టుకుంటం, ఇనం.”

ఆ తమ్ముడి ప్రసక్తి వచ్చింది కాబట్టి కొంచెం పక్కకు వెళ్దాం. ఎమిరేట్స్‌లో మనం నడిపే సొంత కార్లన్నీ దాదాపు పెట్రోలువే. డీజిల్ అంటే ఇక్కడ బస్సులు, లారీలు, పికప్‌లు. పొద్దున నాలుగింటికి క్యాంపుల దగ్గర వరసగా స్టార్ట్ అయ్యే బస్సుల డీజిల్ వాసన మనలో కొందరికి అలారం గడియారం లాంటిది, ఇంకొందరికి అసలు తెలియనే తెలియదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, ముసఫ్ఫాలో, రాస్ అల్ ఖోర్‌లో ఆ ఇంజన్లను విప్పి బిగించే చేతుల్లో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల చేతులు ఎన్నో ఉన్నాయి. పండుగ కార్యక్రమంలో ముందు వరసలో కూర్చునేది కారు నడిపేవాళ్ళు, వెనక నిలబడేది కారు బాగుచేసేవాళ్ళు. ఆయుధాన్ని పూజించి, ఆయుధం పట్టిన చేతిని వెనక నిలబెట్టడం ఏ రకం ఆయుధ పూజో మాకు అర్థం కాదు. ఆ చేతులకు గ్రీజు మరకలుంటాయి. సబ్బుతో రుద్దినా గోళ్ళ పక్కన నల్లగా మిగిలిపోతుంది. మన పురాణాల్లో విశ్వకర్మ చేతులు ఎలా ఉండి ఉంటాయో ఎప్పుడైనా ఊహించారా?

భారతంలోనే ఇంకో ఘట్టం ఉంది. సైంధవుణ్ణి సూర్యాస్తమయంలోపు చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన రోజు. ఒక్కో ఘడియ విలువైనది. ఆ పరుగులో గుర్రాలు అలిసిపోయాయి, ఒళ్ళంతా బాణాలు గుచ్చుకున్నాయి. అప్పుడు కృష్ణుడు రథం ఆపించాడు. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతూ, బాణంతో నేలను చీల్చి నీటిమడుగు కల్పించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు తీసి, ఒళ్ళు తోమి, నీళ్ళు తాగించి, మేత పెట్టి, సేదతీరాక మళ్ళీ కట్టాడు. గీత చెప్పిన నోరే ఆ రోజు గుర్రం డెక్కల దగ్గర వంగి పనిచేసింది. ‘టైము లేదు, సర్వీసింగ్ వచ్చే నెల చూద్దాం’ అనే మనం ఆ ఘట్టాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. సమయం లేనివాడే ఆగి చూసుకున్నాడు, ఎందుకంటే గుర్రం పడిపోతే మిగిలిన సమయం దేనికీ పనికిరాదు.

ఇక లోభమా, పొదుపా అన్న సందేహం. వస్తువు పనిచేస్తుండగా పారెయ్యడం ఎంత తప్పో, పనిచేయని వస్తువును పట్టుకుని వేలాడటమూ అంతే తప్పు. తేడా తెలుసుకోవడానికి మాకు తోచిన గుర్తు ఒకటుంది. బండికి కావలసింది పెట్టకుండా బండిని వాడుకుంటే అది లోభం. నాలుగు లీటర్ల ఆయిల్‌కు వెనుకాడి, అరిగిన రబ్బరు గొట్టానికి ఇనుప తీగ చుట్టి, ‘ఇంకో ఏడాది లాగుతుందిలే’ అనేవాడు పొదుపరి కాడు. కావలసింది సమయానికి పెట్టి, తన చేత్తో పెట్టి, కూలి మాత్రం మిగుల్చుకున్నవాడు పొదుపరి. చూడటానికి ఇద్దరూ ఒకే పాత బండి మీద తిరుగుతారు.

మోహం సంగతి ఇంకొంచెం లోతైనది. పాత బండిని చూసి మన పిల్లలు వేసే ప్రశ్న ఒకటుంది: “తాతయ్యా, ఇంజను మార్పించారు, గేర్‌బాక్సు మార్పించారు, బాడీకి కొత్త రేకు కొట్టించారు, సీట్లు కొత్తవి. మరి ఇది పాత జీపు ఎలా అయింది?” ఈ ప్రశ్న రెండు వేల ఏళ్ళ నాటిది. మిళిందుడనే యవన రాజుకు, నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకు మధ్య సంవాదం ఇదే. నువ్వు రథం మీద వచ్చావు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని భిక్షువు ఒక్కొక్కటీ అడుగుతాడు. రాజు ఒక్కొక్కదానికీ కాదంటాడు. రథం అనేది ఆ భాగాల కూడికకు మనం పెట్టుకున్న పేరు మాత్రమేనని చివరికి తేలుతుంది. కఠోపనిషత్తు ఇంకో దారిన వస్తుంది. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్నవాడు ఆత్మ. అక్కడ ముఖ్యం రథం కాదు, నడిపేవాడు మెలకువగా ఉన్నాడా లేదా అన్నది. ఈ రెంటినీ కలిపి పండితులు వాదించుకోనీ గాని, షెడ్డులో నిలబడి చూస్తే మాకు తోచేది వేరు. భాగాలన్నీ మారినా మారకుండా మిగిలేది ఒక మనిషి ఆ బండి పట్ల తీసుకున్న బాధ్యత. తాతయ్యకు ఆ జీపులో ప్రతి బోల్టు ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలుసు. ఆ తెలివిడి ఉన్నంతకాలం అది అదే జీపు. ఆయన పట్టించుకోవడం మానేసిన రోజున, భాగాలన్నీ ఒరిజినల్‌వే అయినా అది పాత ఇనుమే.

ఇంతవరకూ పాత బండి వైపే మాట్లాడాం. అవతలి పక్షం బలమైనది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బండి వయసును బట్టి ఆపాలా, అది వదిలే పొగను బట్టి ఆపాలా అన్న వాదన 2025లో మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది. మా మట్టుకు మాకు పొగను బట్టే న్యాయమనిపిస్తుంది. కానీ అలా అనేవాళ్ళు ముందు తమ బండి పొగను నిజాయితీగా చూసుకోవాలి. ‘నాన్నగారి జీపు’ అనే ప్రేమ మనది. ఆ జీపు వెనకాల సైకిల్ మీద వచ్చే బడిపిల్లాడికి ఆ ప్రేమతో సంబంధం లేదు, పొగతోనే సంబంధం. నాజిళ్ళు పరీక్ష చేయించి, పంపు సరిచేయించి, ఫిల్టర్లు మార్చినా నల్లపొగ తగ్గకపోతే ఆ బండికి రోడ్డు మీద హక్కు అయిపోయిందని ఒప్పుకోవాలి. ఇంట్లో బాగుచేసుకునే స్వాతంత్ర్యం పక్కవాడి ఊపిరి దగ్గర ఆగిపోతుంది.

పరీక్షలో మోసం చేయడం ఒక్క పాతబండి వాళ్ళకే పరిమితం కాదని కూడా చెప్పాలి. 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో, పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచేలా డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేర్ పెట్టారని తేలింది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి కార్లు కోటీ పది లక్షలు. ఇక ఇక్కడి సంగతి చూస్తే, కొత్త కారుకు మొదటి మూడేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించనిదే ముల్కియా రెన్యూవల్ కాదు. దాన్ని మనవాళ్ళు ‘పాసింగ్’ అంటారు. పాసింగ్ రోజుకు స్నేహితుడి మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, పాసయ్యాక పాతవి మళ్ళీ వేసుకున్నవాళ్ళ కథలు నవ్వుతూ చెప్పుకోవడం విన్నాం. నవ్వొచ్చే సంగతి కాదది. ఎండాకాలంలో షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద ఆ టైరు పేలితే చనిపోయేది పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టరు కాదు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. చదవడానికి మెకానిక్ అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.

మరి ఇక్కడ, ఈ ఫ్లాట్ల బతుకులో, మనం ఇంటి దగ్గర చేసుకోగలిగేది ఏమిటి? చాలా తక్కువే. పార్కింగులో ఇంజను విప్పి కూర్చోనివ్వరు, కూర్చోకూడదు కూడా. కానీ వారానికోసారి పొద్దున చల్లటి పూట బానెట్ ఎత్తి ఆయిల్ గజ్జె తీసి చూడటానికి, రిజర్వాయరులో కూలెంట్ మట్టం చూడటానికి, బెల్టు పగుళ్ళు, బ్యాటరీ టెర్మినళ్ళ మీది తెల్లపొడి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఈ ఎండలకు ఇక్కడ బ్యాటరీ రెండేళ్ళు నిలిస్తే గొప్ప. పికప్‌లు ఉన్న చిన్న వ్యాపారస్థులు డీజిల్ ఫిల్టరు కింద చేరే నీటిని తరచుగా వదిలెయ్యాలి, తీరప్రాంతపు ఉక్కకు ట్యాంకులో నీరు ఊరుతుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తిప్పవద్దు, పక్కన పిల్లలు నిలబడి ఉన్నప్పుడు అసలే వద్దు. సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్ళు, తీసిన ఆయిల్‌ను ‘ఇసుకే కదా’ అని ఎడారిలో పోయవద్దు. దాన్ని డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇస్తే వాళ్ళు తీసుకుంటారు. భూదేవికి క్షమాపణ చెప్పుకుని కాలు మోపమని నేర్పిన పెద్దల పిల్లలం కదా మనం.

బ్రేకుల విషయంలో మా అభిప్రాయం కొంచెం కటువైనది. ఊళ్ళో ఇంటి దగ్గర షూలు, లైనర్లు మార్చుకునే పెద్దవాళ్ళు ఉన్నారు, నలభై ఏళ్ళ అనుభవంతో చేస్తారు, వాళ్ళ సంగతి వేరు. వీడియో చూసి మొదటిసారి చేసేవాళ్ళు మాత్రం ఆయిల్‌తో, ఫిల్టరుతో మొదలుపెట్టాలి. తప్పు చేస్తే మన బండి మాత్రమే ఆగే పనులు కొన్ని, తప్పు చేస్తే ఎదుటివాడి ప్రాణం పోయే పనులు కొన్ని. స్వయంకృషి మంచిదే, దాని ఖరీదు ఇంకొకరు కట్టనంత వరకు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరడం కూడా ఇందులోకే వస్తుంది. ఆ ప్రాణం మనదే అయినా, దాని మీద ఆధారపడ్డ ప్రాణాలు ఇంట్లో ఉంటాయి.

ఇక అన్నిటికంటే పెద్ద పరీక్ష అమ్మేటప్పుడు వస్తుంది. గల్ఫ్‌లో బండి అమ్మకం అంటే చాలాసార్లు తిరుగు ప్రయాణం. ఉద్యోగం పోతుంది, వీసా గడువు దగ్గర పడుతుంది, పిల్లల స్కూలు టీసీ తీసుకోవాలి, ఇంటి సామాను అమ్మాలి, చివర్లో కారు. కొనేది ఎవరు? కొత్తగా వచ్చిన మన తెలుగు కుటుంబమే. గుళ్ళోనో, పండుగ భోజనాల దగ్గరో పరిచయమై ఉంటారు. “బావగారూ, మీ బండి కదా, మెకానిక్‌కి చూపించడం ఎందుకు?” అంటారు వాళ్ళు. ఆ ఒక్కమాటతో మన మెడకు తాళ్ళు పడతాయి. హెడ్ గ్యాస్‌కెట్ దగ్గర చెమ్మ ఉందని మనకు తెలుసు. చెబితే మూడు, నాలుగు వేల దిరహాములు తగ్గించాల్సి వస్తుంది. ఆ మూడు వేలు లేకపోతే విమానం టిక్కెట్లకు ఇబ్బంది. చెప్పకపోతే ఆగస్టు నెల మధ్యాహ్నం, వాళ్ళ చంటిపిల్లతో సహా, హట్టా దారిలో బండి ఆవిరి కక్కుతూ ఆగుతుంది.

శాంతిపర్వంలో తులాధారుడి కథ ఉంది. ఆయన వారణాసిలో అంగడి పెట్టుకున్న వర్తకుడు. జాజలి అనే తాపసి, నెత్తి మీద పక్షులు గూడు కట్టుకునేంత నిశ్చలంగా తపస్సు చేసి గర్వపడితే, నీకంటే ధర్మం తెలిసినవాడు తులాధారుడని ఆకాశవాణి చెబుతుంది. వచ్చి అడిగితే ఆ వర్తకుడు తన తక్కెడను చూపిస్తాడు. అది అందరికీ ఒకేలా తూగుతుంది, అంతే. మనం ఆ కథ విని మెచ్చుకుంటాం. కానీ తులాధారుడికి వీసా గడువు లేదు కదా అనిపించడమూ సహజమే. ఇబ్బందిలో ఉన్నవాడిని తీర్పు తీర్చడం తేలిక, ఆ పని మేము చేయదలచుకోలేదు. ఒక్క సంగతి మాత్రం గమనించాం. తన బండిని తానే చూసుకునే అలవాటున్నవాడికి అబద్ధం చెప్పడం కష్టం. ఏమీ తెలియనివాడు ‘నాకు తెలియదండీ, బాగానే నడుస్తుంది’ అని నిజాయితీగానే అనేయగలడు. పని తెలిసినవాడికి ఆ దాపరికం కుదరదు. తెలుసుకోవడం వల్ల వచ్చే లాభాలు అందరూ చెబుతారు. తెలుసుకున్న రోజునుంచి ‘తెలియదు’ అనే మాట మనకు పనికిరాకుండా పోతుంది, అది చెప్పరు. బహుశా మనలో కొందరు బానెట్ ఎత్తకపోవడానికి బద్ధకంతో పాటు ఇదీ ఒక కారణమేమో.

వదిలెయ్యడం గురించి కూడా భారతమే చెబుతుంది. యుద్ధం పూర్తయ్యాక కృష్ణుడు అర్జునుణ్ణి ముందు రథం దిగమంటాడు. రోజూ సారథే ముందు దిగేవాడు. గాండీవం, అమ్ములపొదులు తీసుకుని అర్జునుడు దిగాక, కృష్ణుడు పగ్గాలు వదిలి దిగాడు. ఆ మరుక్షణం రథం దగ్ధమైంది. ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోవలసింది, పని పూర్తయ్యేదాకా నేను ఆపి ఉంచానన్నాడు. పాత బండిని నడిపే ప్రతి పెద్దాయనకూ ఈ కథ ఎక్కడో తెలుసు. తాను చూసుకుంటున్నాడు కాబట్టి అది నడుస్తోంది. తన చేతులు వణకడం మొదలైతే, ముందు ఎవరు దిగాలో ఆయన ఆలోచిస్తూనే ఉంటారు. మనం డబ్బు పంపుతామన్నప్పుడు ఆయన మాట దాటేసింది అందుకే కావచ్చు. మనం ధర గురించి మాట్లాడుతున్నాం, ఆయన వారసత్వం గురించి ఆలోచిస్తున్నారు.

మన సభ్యుల్లో ఒకరి తండ్రిగారు, తూర్పు గోదావరి జిల్లాలో ఉంటారు, డీజిల్ జీపును చాలా ఏళ్ళు ఇంటి దగ్గరే బాగు చేసుకుంటూ నడిపారు. కొడుకులు ముగ్గురూ బయటి దేశాల్లోనే. మోకాళ్ళు సహకరించక, చివరికి దాన్ని ఊళ్ళోనే షెడ్డు పెట్టుకున్న ఒక కుర్రవాడికి ఇచ్చేశారు. కొడుకులు అనుకున్న ధర కంటే బాగా తక్కువకు ఇచ్చారు, దాని మీద ఇంట్లో కొంచెం మాటా మాటా కూడా అయింది. బండితో పాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా ఇచ్చారు. ఆయిల్ మార్చిన తేదీలు, నాజిళ్ళు పరీక్ష చేయించిన తేదీలు, ఏ బోల్టుకు మర పాడైంది, ఏ దుకాణంలో కొన్న వస్తువు నిలవలేదు, అన్నీ అందులో ఉన్నాయి. చివరి పేజీలో ‘ఇంకా బాగు చేయనివి’ అని శీర్షిక పెట్టి, కింద నాలుగు పంక్తులు రాశారు. మొదటిది హ్యాండ్ బ్రేక్ కేబుల్.